జానపద వాగ్గేయకారుని రీతిపరిణామము : విమర్శకుల తీర్పు

మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనయందు పారిపార్శ్వకుడు సూత్రధారు నొక ప్రశ్న యడుగును. భాససౌమిల్లాదుల కృతులు ప్రసిద్ధములై యుండగా వర్తమానకవి యగు కాళిదాసుని కృతిని పరిషత్తు ఏల యాదరింపవలయునని యాతని సంశయము. సూత్రధారు డిచ్చిన సమాధానము మన పాఠశాలలలో బాలురకు గూడ పరిచితమే. అయితే అచ్చట ప్రాచీనులు వేఱు, నవీనుడు వేఱు. ప్రాచీనుడును నవీనుడును ఒక్కడే యైనచో నేమి సేయవలయును? నిన్నటివఱకు ఒక రీతిని పాడి మన్ననలందిన కవి నేడు ఆ రీతిని తానే విడిచి వేఱొక రీతి నవలంబించినపుడు, నూతనకృతిని పాతకృతులతో కొలుచుట న్యాయమా, లేక దాని కొలత దానికే కలదా?

ఈ ప్రశ్నకు సాహిత్యచరిత్రలో ఉదాహరణములు పెక్కు గలవు. వానిలో మిక్కిలి స్పష్టమైనదియు, సాక్ష్యములు సమృద్ధిగా లభించునదియు నొకటి కలదు. అమెరికా దేశపు వాగ్గేయకారుడు బాబ్ డిలన్ 1965వ సంవత్సరము మార్చి 22వ తేదీన 'బ్రింగింగ్ ఇట్ ఆల్ బ్యాక్ హోమ్' అను గేయసంపుటమును వెలువరించెను. ఆ సంపుటము నెడను, దాని వెంట వచ్చిన రీతిపరిణామము నెడను నాటి విమర్శకులు చూపిన వైఖరిని సంగ్రహముగా వివరించి, ఆ తీర్పులో గ్రాహ్యమేదో త్యాజ్యమేదో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. దేశము వేఱైనను, భాష వేఱైనను, విమర్శకుడు పొరపడు త్రోవలు ఎల్లయెడల నొక్కటియే గావున మనవారికిది అనుపయుక్తము కాదని తలంచుచున్నాను.

ఉద్యమ స్వరూపము

విమర్శకుల తీర్పు నెఱుగుటకు ముందు వారు నిలిచిన నేల యెట్టిదో యెఱుగవలయును. అమెరికాలో జానపదగేయముల యెడ విద్వాంసుల శ్రద్ధ గ్రంథశోధనముతో నారంభమైనది. హార్వర్డు విశ్వవిద్యాలయాచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882 మొదలు 1898 వఱకు భాగభాగములుగా ప్రకటించిన సంకలనమున ఇంగ్లండు, స్కాట్లండు దేశముల కథాగేయములు 305 పాఠభేదములతో గూడ చేరినవి. ఆంగ్లేయుడైన సెసిల్ షార్ప్, మాడ్ కార్పెలెస్ అను నామె తోడ్పాటుతో 1916 మొదలు 1918 వఱకు అపలాచియన్ కొండసీమలలో సంచరించి, వలసవచ్చినవారి సంతతి నోట అట్టి గేయములు ఇంకను సజీవములై యుండుట గనుగొని స్వరసహితముగా వ్రాసికొనెను. జాన్ లోమాక్సును, అతని కుమారుడు ఆలన్ లోమాక్సును 1933 మొదలుకొని ధ్వనిలేఖన యంత్రమును బండిలో వేసికొని దక్షిణరాష్ట్రముల పొలములకును చెఱసాలలకును పోయి పాటలు సేకరించిరి. 1952లో హ్యారీ స్మిత్ అను సేకర్త, 1927–1932 సంవత్సరముల నడుమ వెలువడి మరుగున పడిన రికార్డులనుండి 84 పాటలేర్చి ఫోక్‌వేస్ సంస్థ ద్వారా ప్రకటించెను. తాళపత్రములు సేకరించి పాఠములు పరిష్కరించువారికి ఈ కృషి విలువ వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఈ శోధనమునకు తోడుగా వేఱొక ప్రవాహము కలిసినది. వుడీ గత్రీ (1912–1967), పీట్ సీగర్ (1919–2014) మొదలగు గాయకులు పాటను కార్మికసంఘముల సభలకును, పౌరహక్కుల సభలకును గొనిపోయిరి. వీరి దృష్టిలో పాట గాయకుని సొత్తు కాదు, సభ సొత్తు. గాయకుడు మొదలు పెట్టవలయును, జనులందఱు నందుకొనవలయును. కావున మాట స్పష్టముగా వినబడవలయును, పల్లవి సులభముగా నోటబట్టవలయును, వాద్యము చేతితో మీటు గిటారో బాంజోయో యై గొంతునకు లోబడి యుండవలయును. విద్యుత్తుతో మ్రోగు గిటారు వారికి అంగడిసరకు సంగీతమునకు గుర్తు. 1950లో పుట్టిన 'సింగ్ అవుట్' పత్రికయు, 1962లో పుట్టిన 'బ్రాడ్‌సైడ్' పత్రికయు, 1959లో మొదలైన న్యూపోర్ట్ జానపదగేయోత్సవమును ఈ యుద్యమమునకు పీఠములు. ఈ నియమములు వట్టి మూఢాచారములు కావు. ప్రతి నియమము వెనుక ఒక ప్రయోజనము కలదు. ఈ సంగతి మఱచినచో విమర్శకులకు అన్యాయము చేసినవార మగుదుము.

కవి పూర్వచరిత్ర

డిలన్ 1941 మే 24వ తేదీన మిన్నెసోటా రాష్ట్రమందలి డులూత్ పట్టణమున జనించి, ఇనుపగనుల పట్టణమగు హిబ్బింగులో పెరిగెను. బడి చదువుకాలముననే తోటి బాలురతో మేళము కట్టి రాక్ అండ్ రోల్ పాటలు పాడినవాడు. 1961 జనవరిలో న్యూయార్కు నగరమునకు వచ్చి, వ్యాధిగ్రస్తుడై వైద్యశాలలో నున్న గత్రీని దర్శించి, అతని త్రోవను నడువబూనెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన న్యూయార్క్ టైమ్స్ పత్రికయందు రాబర్ట్ షెల్టన్ వ్రాసిన ప్రశంస యీతనిని లోకమునకు తెలిపినది. 1962 మార్చిలో వెలువడిన మొదటి సంపుటమున 13 పాటలుండగా స్వకీయములు రెండు మాత్రమే. 1963 మేలో వెలువడిన రెండవ సంపుటమున స్వకీయములే యధికము.

ఇచ్చట నొక విశేషము గమనింపదగియున్నది. ఆ స్వకీయములును పాతవాని యెముకల మీద నిలిచినవే. 'ఎ హార్డ్ రెయిన్స్ ఎ-గొన్నా ఫాల్' అను గేయపు చట్టము చైల్డ్ సంకలనములో 12వది యగు 'లార్డ్ రాండల్' అను కథాగేయమందలి తల్లీకుమారుల ప్రశ్నోత్తర చట్టమే. 'బ్లోయిన్ ఇన్ ది విండ్' అను గేయపు వరుసకు బానిసత్వపు కాలమునాటి 'నో మోర్ ఆక్షన్ బ్లాక్' అను పాట ఆధారము. మన పాటల పుస్తకములలో 'ఫలానా పాట వరుస' అని తలకట్టున వ్రాయుట యెట్టిదో యిదియు నట్టిదే. పాత మెట్టులో క్రొత్త మాట పొదుగుట జానపదధర్మమే గాని చౌర్యము కాదని నాటి విమర్శకులే యంగీకరించిరి, మెచ్చుకొనిరి.

1963 జులైలో న్యూపోర్ట్ ఉత్సవమున డిలన్, సీగర్, జోన్ బేయజ్ మొదలగువారు చేతులు చేతులు పట్టుకొని వేదికపై నిలిచి 'వి షల్ ఓవర్‌కమ్' అను పౌరహక్కుల గేయమును సభతోపాటు పాడిరి. ఆ యేడు ఆగస్టు 28వ తేదీన వాషింగ్టను మహాసభలో, మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన దినముననే, డిలన్ పాడెను. 1964 జనవరిలో వచ్చిన మూడవ సంపుటముతో నీతడు యుద్యమమునకు కంఠమనియు, ఒక తరమునకు ప్రతినిధి యనియు ప్రశస్తి స్థిరపడినది. ఈ పదవి యితరు లిచ్చినది. తరువాత జరిగిన వివాదమంతయు ఈ పదవినుండి పుట్టినది.

మొదటి యాక్షేపణము

విద్యుత్ గిటారును చేతబట్టినందున డిలన్ దూషింపబడెనని లోకప్రసిద్ధి. కాలక్రమమును సరిగా పరిశీలించినచో నిది యసంపూర్ణమని తేలును. 1964 ఆగస్టులో వెలువడిన నాలుగవ సంపుటము 'అనదర్ సైడ్ ఆఫ్ బాబ్ డిలన్' నందు విద్యుద్వాద్యము లేనేలేదు. కాని ఒక అన్యాయమును పేర్కొని సూటిగా ఖండించు గేయములు అందు ఇంచుమించుగా లేవు. ప్రేమ, విరహము, ఆత్మపరీక్ష యను విషయములే ప్రధానములు. అంతకు ముందటి తన నిశ్చయములను తానే పరిహసించుకొను గేయ మొకటి కలదు.

ఆ నవంబరులో 'సింగ్ అవుట్' సంపాదకుడు ఇర్విన్ సిల్బర్ తన పత్రికయందు డిలనునకు బహిరంగలేఖ వ్రాసెను. నీ పాటలు లోచూపు పాటలైనవి, జనులతోడి సంబంధము సడలినది, కీర్తి నిన్ను చుట్టుముట్టినది యని దాని సారాంశము. మఱుసటి నెలలో 'బ్రాడ్‌సైడ్' పత్రికయందు పాల్ వుల్ఫ్ అను విమర్శకుడు డిలనును ఫిల్ ఓక్స్ అను సమకాలిక గాయకునితో పోల్చి, ఉద్యమనిష్ఠయందు ఓక్సునకే యగ్రస్థాన మిచ్చెను. ఈ రెండు వ్యాసములును విద్యుత్ సంపుటము పుట్టుటకు ముందటివి. కాబట్టి విమర్శకుల మొదటి వేదన వాద్యమును గూర్చినది కాదు, వస్తువును గూర్చినది. 'మేము' అను పాట 'నేను' అను పాటగా మాఱుట వారికి కంటకమైనది.

సంపుటము

ఇక ప్రకృతము. 1965 జనవరి 13, 14, 15 తేదీలలో మూడు దినములలో కొలంబియా సంస్థవారి న్యూయార్కు శాలయందు టామ్ విల్సన్ నిర్వహణమున ఈ సంపుటము రికార్డు చేయబడినది. దీర్ఘవాదనపు రికార్డునకు రెండు ముఖములుండును గదా. మొదటి ముఖమున ఏడు పాటలు, విద్యుత్ గిటారులు, మృదంగస్థానీయములగు డ్రమ్ములు గల మేళముతో పాడబడినవి. రెండవ ముఖమున నాలుగు దీర్ఘగేయములు. వానిలో ప్రధానముగా వినవచ్చునవి డిలన్ గొంతు, అతని గిటారు, నోట నూదు హార్మోనికా. అచ్చటచ్చట మఱియొక వాద్యము మెల్లగా తోడుపడును. అనగా కవి తన పాతరీతిని క్రొత్తరీతిని ఒకే పళ్లెరమున రెండు దిక్కుల వడ్డించెను.

మొదటి ముఖమందలి మొదటి పాట 'సబ్‌టెరేనియన్ హోమ్‌సిక్ బ్లూస్'. పొట్టి పొట్టి పాదములు, త్రొక్కిసలాడు అంత్యప్రాసలు, ఊపిరి తీయనీయని నడక. చక్ బెర్రీ పాడిన 'టూ మచ్ మంకీ బిజినెస్' అను పాటకు తాను ఋణపడియున్నట్లు డిలన్ తరువాత నంగీకరించెను. రెండవ ముఖమున 'మిస్టర్ టాంబొరిన్ మ్యాన్' అను గేయము ఒక వాదకుని సంబోధించుచు స్వప్నమువంటి చిత్రములను వరుసగ పేర్చును. 'ఇట్స్ ఆల్‌రైట్, మా' అను గేయము ఏడు నిమిషములకు పైబడినది. వణిజుల కపటమును, ప్రకటనల మాయను, అధికారపు డాంబికమును ఎండగట్టుటలో అతని పూర్వగేయము లేవియు దీనిని మించవు. అయితే ఒక దోషిని పేరుపెట్టి పిలుచుట యిందు లేదు. పూర్వము వాచ్యముగ నున్న ధిక్కారము ఇప్పుడు వ్యంగ్యమైనది.

జనాదరణమునకు కొఱతలేదు. ఈ సంపుటము అమెరికాలోని బిల్‌బోర్డు పట్టికయందు 6వ స్థానమును, బ్రిటనులో మొదటి స్థానమును పొందినది. ఇందలి 'టాంబొరిన్' గేయమును బర్డ్స్ అను మేళమువారు విద్యుద్వాద్యములతో పాడగా అది 1965 జూనులో అమెరికాలో మొదటి స్థానమున నిలిచినది. ఈ విజయము కూడ ఉద్యమవిమర్శకుల యనుమానమునకు బలమిచ్చినది. అంగడిలో గెలిచినది అంగడికొఱకే వ్రాయబడినదని వా రనుకొనిరి.

న్యూపోర్ట్ రాత్రి

1965 జులై 25వ తేదీ రాత్రి న్యూపోర్ట్ వేదికపై డిలన్ మైక్ బ్లూమ్‌ఫీల్డ్, అల్ కూపర్ మొదలగువారి మేళముతో మూడు పాటలు పాడెను. మొదటిది ఈ సంపుటములోని 'మ్యాగీస్ ఫార్మ్', రెండవది ఐదు దినముల ముందు వెలువడిన 'లైక్ ఎ రోలింగ్ స్టోన్'. కొందఱు కేకలువేసి నిరసించిరి, కొందఱు హర్షించిరి. మూడు పాటలతో మేళము దిగిపోవగా సభ కల్లోలించినది. ఉత్సవనిర్వాహకులలో నొకడైన గాయకుడు పీటర్ యారో వేడగా డిలన్ ఒంటరిగా మరల వచ్చి, గిటారుతో, ఈ సంపుటపు రెండవ ముఖములోని రెండు పాటలు పాడి వెడలిపోయెను.

నిరసనమునకు కారణమేమి? సాక్షు లేకవాక్యముగ చెప్పరు. విద్యుద్వాద్యమే కారణమని కొందఱు, ధ్వని కలగాపులగమై మాట వినబడకపోవుట కారణమని కొందఱు, ముఖ్యగాయకుడు మూడు పాటలతోనే ముగించుట కారణమని కొందఱు. సీగర్ గొడ్డలి చేతబట్టి తీగలు నఱుకబోయెనను కథ యొకటి ప్రచారమున కలదు. ఆయన తరువాత స్వయముగా చెప్పినది వేఱు. మాటలు తనకు వినబడనందున, గొడ్డలి యున్నచో తీగ నఱికియుందునని యంటినే గాని, సంగీతము విద్యుత్తుతో మ్రోగినందున కాదని యాయన వివరణము.

ఆ తరువాత 'సింగ్ అవుట్' పుటలలోనే రెండు పక్షములును ప్రకటితములైనవి. బ్రిటను గాయకుడును గేయకర్తయు నైన యువన్ మెకాల్ కఱకుగా వ్రాసెను. తరతరముల శిక్షణముచే రూపొందిన సంప్రదాయగేయముల ముందు డిలన్ ప్రతిభ సామాన్యమనియు, విమర్శదృష్టి లేని శ్రోతలే యీ కవిత్వమునకు మోసపోదురనియు నాతని యభిప్రాయము. పాల్ నెల్సన్ ఆ పత్రికకు నిర్వాహక సంపాదకుడై యుండియు డిలన్ పక్షము వహించి, న్యూపోర్ట్ సభ సీగరును డిలనును తూచి సీగరును వరించినదనియు, తాను మాత్రము డిలనునే వరింతుననియు వ్రాసి, ఆ పత్రికను విడిచిపోయెను. ఒక గేయసంపుటమును గూర్చిన భేదము జీవనవృత్తినే విడువవలసినంత వచ్చినదన్న నాటి పట్టుదల యెంతటిదో తెలియుచున్నది.

మూడభియోగముల వివేచనము

ఇప్పుడు విచారము. 'ద్రోహము' అను నొక్క మాటలో నాడు మూడు వేర్వేరు అభియోగములు కలసిపోయినవి. ఒకటి వాద్యమును గూర్చినది. రెండవది మాట వినబడకుండుటను గూర్చినది. మూడవది సభను విడిచి ఏకాంతమును చేరుటను గూర్చినది. వీనిని వేఱుపఱుపకపోవుటయే నాటి విమర్శలోని ప్రధానదోషమని నా మనవి. ఒక్కొక్కదానిని పరిశీలింతము.

మొదటి యభియోగము చరిత్రకు నిలువదు. 1941లో ఆలన్ లోమాక్స్ మిసిసిపి రాష్ట్రపు పత్తిచేల నడుమ మడ్డీ వాటర్స్ అను నల్లజాతి గాయకుని పాటలను జాతీయ గ్రంథాలయమునకై రికార్డు చేసెను. అపుడాతని చేతిలో నున్నది మామూలు గిటారు. 1943లో అతడు చికాగో నగరమునకు వలసపోయి, అచ్చటి మద్యశాలల సందడిలో గొంతు వినబడుటకై విద్యుత్ గిటారు పట్టెను. పాడువాడు వాడే, పాట వంశము అదే. అతడు జానపదుడు కాకుండ పోయెనా? 1964లో న్యూపోర్ట్ వేదికపైననే జానీ క్యాష్ విద్యుత్ గిటారు తోడుగా పాడగా నెవరును నిరసింపలేదు. మన కర్ణాటక సంగీతమున ఐరోపావాద్యమైన వయొలినును బాలుస్వామి దీక్షితులు (1786–1858) అలవఱచుకొనిన వృత్తాంతము పండితులకు విదితమే. నేడు దానిని పరదేశి యనువా రెవరు? మతంగుడు బృహద్దేశియందు దేశి యనగా స్త్రీలు, బాలురు, గోపాలురు, రాజులు తమ తమ దేశములలో తమ యిచ్ఛ చొప్పున పాడుకొనునదని చెప్పెను. ఇచ్ఛ చొప్పున పాడునది ఇచ్ఛ చొప్పున మాఱును. మాఱక నిలిచినది మార్గము కావచ్చును గాని దేశి కాజాలదు.

ఇంతకంటె బలమైన నిదర్శనము సంపుటముననే కలదు. న్యూపోర్టులో మొదట నిరసింపబడిన 'మ్యాగీస్ ఫార్మ్' ఎట్టి పాట? ఒక పాలేరు తన యజమానురాలి పొలములో నిక పనిచేయనని తెగవేసి చెప్పు పాట. దీనికి మూలము 'డౌన్ ఆన్ పెన్నీస్ ఫార్మ్' అను పాట. కౌలుదారులు భూస్వామి దోపిడిని చెప్పుకొను ఈ పాటను 1929లో బెంట్లీ బాయ్స్ అనువారు రికార్డునకు పాడిరి. హ్యారీ స్మిత్ ఏర్చిన 84 పాటలలో నిది యొకటి. అనగా జానపదసంప్రదాయమునకు ద్రోహమని సభ కేకలువేసిన ఆ పాట, సంప్రదాయమునకు ప్రమాణగ్రంథమని వారే మన్నించు సంకలనము నుండి పుట్టినది. వస్తువు శ్రమజీవుని ధిక్కారము, వంశము శుద్ధము, వాద్యము మాత్రము క్రొత్తది. వాద్యమును విన్న చెవులు వంశమును వినలేదు. సంపుటము పేరునకు 'అంతయు మరల ఇంటికి చేర్చుట' అని యర్థము. ఆ పేరును శ్రద్ధగ చదివినవారికి కవి యభిప్రాయము కొంత స్ఫురింపవలసినది.

రెండవ యభియోగము న్యాయ్యమే. మాట వినబడని పాట సభయందు వ్యర్థము. సీగర్ వేదన గౌరవింపదగినది. కాని యది ఆ రాత్రి ప్రయోగమున కలిగిన దోషము, కృతిదోషము కాదు. రికార్డున ప్రతి యక్షరము వినవచ్చును. నటుల లోపమును నాటకముపై మోపరాదని మన యాలంకారికుల మర్యాద. నాటి వ్యాసములలో నీ మర్యాద తఱచుగా తప్పినది.

మూడవదే గంభీరమైనది. 1963లో చేతులు కలిపి పాడిన సభకు ఈ సంపుటమున పాడదగిన పాట యించుమించుగా లేదు. 'ఇట్స్ ఆల్‌రైట్, మా' గేయమును వేయిమంది గొంతుకలిపి పాడలేరు. దానిని ఒక్కడు పాడవలయును, తక్కినవారు ఒక్కొక్కరుగా వినవలయును. పాటకును సభకును గల బంధము నిజముగనే తెగినది. సిల్బర్ గుర్తించిన నష్టము వాస్తవము. పౌరహక్కులకై జనులు ప్రాణములకు తెగించుచున్న కాలమున ఆ నష్టము చిన్నది కాదు. అయితే ఆయన దానిని కవి శీలమునకు అంటగట్టెను. అది శీలభేదము కాదు, కావ్యభేదము. సభాగేయమును విడిచి కవి ఏకోక్తిరూపమగు దీర్ఘగేయమును చేపట్టెను. నాటకమునకు చెప్పిన లక్షణములతో ముక్తకమును కొలిచి, ఇందు సంధులు లేవని దూఱుట యెట్టిదో, సామూహికగేయ లక్షణములతో నీ గేయములను కొలుచుటయు నట్టిదే. పోగొట్టుకొనినదానికి దుఃఖించు హక్కు విమర్శకునకు కలదు. కాని దుఃఖము తీర్పు కాదు.

ఒక నిదర్శనము

ఈ యభియోగములు కలసిపోయినవనుటకు 1966 నాటి సంచారము ప్రత్యక్షనిదర్శనము. ఆ సంచారమున డిలన్ ప్రతి సభలోను పూర్వార్ధము ఒంటరిగా గిటారుతోను, ఉత్తరార్ధము విద్యుద్వాద్యముల మేళముతోను పాడుచుండెను. 1966 మే 17వ తేదీన మాంచెస్టరు నగరపు ఫ్రీ ట్రేడ్ హాలునందు జరిగిన సభను 1998లో సంస్థవారు యథాతథముగ ప్రకటించిరి. ఎవరైనను విని పరీక్షింపవచ్చును.

పూర్వార్ధమున 'విజన్స్ ఆఫ్ జొహానా', 'డెసొలేషన్ రో' అను గేయములు కలవు. ఇవి డిలన్ కృతులలో మిక్కిలి గూఢార్థములు, లోచూపు గలవి, ఏ యుద్యమమునకు చెందనివి. సభ నిశ్శబ్దముగ విని కరతాళధ్వనులు చేసినది. ఉత్తరార్ధమున 'బేబీ, లెట్ మి ఫాలో యు డౌన్' కలదు. ఇది 1962 నాటి మొదటి సంపుటమందలి సంప్రదాయగేయము. 'వన్ టూ మెనీ మార్నింగ్స్' కలదు. ఇది 1964 నాటి మూడవ సంపుటములోనిది. పాతవి, పరిచితములు. ఆ యుత్తరార్ధమున సభ యల్లరిచేసినది. కడపట నొక శ్రోత క్రీస్తును పట్టియిచ్చిన యూదా పేరుతో గాయకుని సంబోధించి యఱచెను. క్రొత్త గూఢగేయము పాత వాద్యముతో పాడగా పూజ్యమైనది, పాత సులభగేయము క్రొత్త వాద్యముతో పాడగా ద్రోహమైనది. సిల్బర్ వస్తువును గూర్చి వగచెను. సభ వాద్యమును గూర్చి కోపించెను. ఇద్దఱును ఒకే మాట వాడుటచే ఒకే తీర్పువలె లోకమునకు తోచినది.

తరువాతి కథ

1966 జులై 29న మోటారుసైకిలు ప్రమాదమునకు లోనై డిలన్ కొంతకాలము సభలు మానెను. 1967 డిసెంబరులో వెలువడిన 'జాన్ వెస్లీ హార్డింగ్' సంపుటమున మరల చేతి గిటారు, అణకువగల మేళము, కథాగేయములవంటి చిన్న చిన్న పాటలు కానవచ్చినవి. ఆ సంపుటపు ముఖచిత్రమున డిలన్ ప్రక్కన నిలిచినవారిలో మన వంగదేశపు బావుల్ గాయకులు పూర్ణదాసు, లక్ష్మణదాసులు గలరు. జానపదమును విడిచెనన్న కవి రెండేండ్లకు వేఱొక ఖండపు జానపదుల ప్రక్కన నిలిచెను. పరిణామము ఒక్క దిక్కునకు పోవు బాణము కాదని యిందువలన తెలియును.

దీనినిబట్టి మాఱుటయే గుణమనుట కూడ తప్పు. 1965 నాటి నిందలు తప్పని తేలిన పిమ్మట, ప్రతి మార్పును ప్రతిభయే యని పొగడు వారు బయలుదేఱిరి. 1970లో వచ్చిన 'సెల్ఫ్ పోర్ట్రెయిట్' సంపుటమును గ్రీల్ మార్కస్ రోలింగ్ స్టోన్ పత్రికయందు తీవ్రముగ నిరసించెను. ఆయన ఉద్యమపక్షపాతి కాడు, నూతనరీతిని మెచ్చినవాడే. రీతిని ఆమోదించియు కృతిని త్రోసిపుచ్చుట సాధ్యమని ఆ విమర్శ చూపినది. 2016లో డిలనునకు సాహిత్యమున నోబెల్ బహుమానము ప్రకటింపబడగా మరల పాతప్రశ్నయే క్రొత్తవేషమున వచ్చినది. పాట సాహిత్యమగునా యని కొందఱాక్షేపించిరి. నాడు జానపదుడు కాడని పీఠమునుండి దించినవారును, నేడు కవి కాడని పీఠమెక్క నీయనివారును చూచినది పీఠమునే గాని పాటను గాదు.

ఉపసంహారము

ఈ కథనుండి విమర్శకులు గ్రహింపవలసిన దేమి? కవి రీతి మార్చినపుడు మూడు ప్రశ్నలను వేఱువేఱుగ నడుగవలయును. మాఱినది వస్తువా, రూపమా, ఉపకరణమా? మాఱినదాని వంశమేది, అది నిజముగ పరాయిదా, లేక మన చెవికి మాత్రమే క్రొత్తదా? ఈ మార్పుతో శ్రోతకు పోయినదేమి, వచ్చినదేమి? ఈ ప్రశ్నలకు సమాధానములు దొరకిన పిమ్మట నిందింపదలచినవారు నిందింపవచ్చును, పొగడదలచినవారు పొగడవచ్చును. అప్పుడా నింద సిల్బర్ వ్యథవలె విలువ గలదిగ నుండునే గాని మాంచెస్టరు కేకవలె నుండదు.

న్యూపోర్ట్ వేదికపై డిలన్ మరల కాలుమోపినది 2002 ఆగస్టులో. నడుమ ముప్పదియేడేండ్లు గడచినవి. ఆ నడుమ 'మ్యాగీస్ ఫార్మ్' పాట పెన్నీ కౌలుదారుల పాటకు మనుమరాలని పండితులు నిరూపించి వ్రాసిరి. ఆ నిరూపణమునకు కావలసిన రికార్డు 1952 నుండియు విమర్శకుల యిండ్లలోనే యుండినది. తీర్పు చెప్పుటకు ముందు దానిని మరల నొకమాఱు వినియున్నచో చాలియుండెడిది. మన బడులలోను పరిషత్తులలోను క్రొత్త కృతి వచ్చినపుడు మన బీరువాలోని పాత గ్రంథము నొకమాఱు తీసి చూచుట మేలని విజ్ఞులకు విన్నవించి విరమించుచున్నాను.